మేనమామ పోలికా, ఆస్పత్రి పొరపాటా? పిల్లలు, జన్యువులు: అపోహలు – వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో శనివారాలు పిల్లలకు బయాలజీ చెప్తుంటాను. ఎక్కువమంది తెలుగువాళ్లే. వారసత్వం పాఠం పిల్లలకు కష్టమేం కాదు. ఇంట్లో విని వచ్చిన మాటలతోనే నాకు తిప్పలు.

అపోహ: రక్తం గ్రూపు నాన్నది 'ఏ', అమ్మది 'బి', పాపది 'ఓ' అయితే ఎక్కడో తేడా జరిగింది.

ఐదో తరగతి పాప ఒకరోజు మొహం వేలాడేసుకుని వచ్చింది. మేనత్త కొడుకు "నిన్ను ఆస్పత్రిలో మార్చేశారే" అన్నాడట. వాడికి వేళాకోళం, దీనికి రాత్రంతా నిద్ర లేదు.

రెండు రూపాయి బిళ్లలు తీశాను. బిళ్లకున్న రెండు వైపులూ ఆ మనిషికున్న రెండు గ్రూపు జన్యువులు, పైకి పడ్డ వైపే బిడ్డకు దక్కేది. నాన్న బిళ్లకు ఒకవైపు ఎర్ర స్టిక్కర్ బొట్టు అంటించాం, అది ఏ. అమ్మ బిళ్లకు ఒకవైపు ఆకుపచ్చది, అది బి. రెండిటికీ వెనకవైపు ఖాళీ, అది ఓ. రంగు పక్కన ఉంటే ఖాళీ బయటపడదు. అందుకే నాన్న ఏ గానే, అమ్మ బి గానే తిరుగుతున్నారు. రెండూ ఎగరేస్తే ఎరుపు-ఆకుపచ్చ పడితే ఏబీ, ఒక్క ఎరుపే పడితే ఏ, ఒక్క ఆకుపచ్చే అయితే బి. మూడోసారికి రెండూ ఖాళీ పడ్డాయి. "ఇది నేనే!" అని ఎగిరింది. కాసేపాగి, "మా మామయ్యది కూడా ఓ. అయితే నాది మేనమామ పోలికా?" అంది. మామయ్య ఏమీ ఇవ్వలేదమ్మా, ఒక ఖాళీ అమ్మ దగ్గర్నుంచి, ఇంకోటి నాన్న దగ్గర్నుంచి వచ్చాయని చెప్పాను. మామయ్యకీ అమ్మకీ ఇచ్చినవాళ్లు మాత్రం ఒకళ్లే: తాతయ్య, అమ్మమ్మ.

ఈ ఆటతో ఎవరి బిడ్డ ఎవరో తేల్చడానికి మాత్రం పోకండి. 1952లో ముంబైలో గుర్తించిన బాంబే గ్రూపు వాళ్లు మామూలు పరీక్షలో ఓ గానే కనిపిస్తారు, కానీ పిల్లలకు ఏ, బి అందించగలరు.

అపోహ: ఓ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి అంటే నలుగురు పిల్లల్లో ఒకరికి తప్పక వస్తుంది.

"నాలుగుసార్లు వేశా, ఓ రాలేదు. మీ లెక్క తప్పు సార్" అన్నాడొక గడుగ్గాయి. మంచి ప్రశ్న. ముందు ఏం పడిందో బిళ్లకు గుర్తుండదు కదా. వారసత్వ సూత్రాలు కనిపెట్టిన మెండెల్, ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో మఠం తోటలో అంత ఓపిగ్గా లెక్కపెట్టింది అందుకే: 7,324 బఠాణీ గింజల్లో 5,474 నున్ననివి, 1,850 ముడతలవి. దాదాపు మూడుకు ఒకటి చొప్పున, అంటే ముడతలవి నాలుగింట ఒకటి. ఒక్క కాయ ఒలిచి చూసుంటే ఈ సంగతి దొరికేదే కాదు.

అపోహ: నాలుక గొట్టంలా చుట్టడం ఒక్క జన్యువు పని.

ఇప్పటికీ క్లాసుల్లో చేయిస్తున్నారు! 1940లో స్టర్టెవాంట్ అనే జన్యుశాస్త్రవేత్త వారసత్వంగా వస్తుందన్నాడు. 1952లో 33 జతల అచ్చుగుద్దిన కవలల్ని చూస్తే 7 జతల్లో ఒకరికి వచ్చి ఒకరికి రాలేదు. జన్యువులు ఒకటే అయినప్పుడు ఇదెలా కుదురుతుంది? తన మాట ఇంకా పుస్తకాల్లో కనిపిస్తున్నందుకు ఇబ్బందిగా ఉందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. నాలుక చుట్టడం రాని పిల్లకు "నువ్వు మా ఇంటి పిల్లవి కాదే" అనే నానమ్మలకు ఈ ముక్క చదివి వినిపించండి.

అపోహ: మనం చేసినవన్నీ బిడ్డకు దిగుతాయి.

తరతరాలుగా చెవులు కుట్టిస్తున్నాం. కన్నాలతో పుట్టిన పాపను చూశారా? కుంకుమపువ్వు పాలకు బిడ్డ తెల్లబడదు. చర్మం రంగుకు బోలెడు జన్యువులు పనిచేస్తాయి. ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు గానీ, దూడ చేలోకి వెళ్లేది తల్లి వెనక నడిచి. మా పిల్లలు స్కూలు బస్సు అన్నతో గడగడా కన్నడం మాట్లాడతారు. అమ్మానాన్నలకు "స్వల్ప గొత్తు" (కొంచెం తెలుసు) దాటి రాదు.

"నీ ముక్కు ఎవరిది?" అనే హోంవర్క్ మానేశాను. దత్తత వచ్చిన బాబు ఒకడు ఖాళీ కాగితం తెచ్చిన రోజే. ఇప్పుడు బిళ్లలు ఎగరేసి ఒక ఊహాజంతువును గీసుకు రమ్మంటున్నా. పోయిన వారం ఒకడు మూడు తోకలు గీసుకొచ్చాడు. బిళ్లల మీద లేని తోకలు ఎక్కడివిరా అంటే, జన్యువులో అనుకోకుండా వచ్చే మార్పు మీదికి నెట్టేశాడు: "మ్యుటేషన్ సార్" అన్నాడు.