హాస్టల్ పేరు మీద ఆడే ఆట

చి. సాత్విక్‌కు, చి. మేఘనకు తాతయ్య ఆశీస్సులు.

"కాలేజీ టీములో చోటు రాకపోతే ఇక ఆడేదేముంది తాతయ్యా" అన్నావు మొన్న ఫోనులో, సాత్విక్. ఆ మాట నా మనసులోంచి పోలేదు. అందుకే మీ అమ్మ చదువుకున్న నోటర్ డేమ్ యూనివర్సిటీ సంగతి రాస్తున్నాను.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో ఉంటుందది. అక్కడి ఫుట్‌బాల్ మనది కాదు. బంతి పీచు ఒలవని కొబ్బరికాయలా ఉంటుంది. దాన్ని చంకలో ఇరికించుకుని పరుగెత్తుతుంటే అవతలివాళ్ళు కబడ్డీలో లాగా మీదపడి పడగొడతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు జరగకపోతే బంతి వాళ్ళదే.

యూనివర్సిటీ టీముకు దేశమంతా పేరు. అందులో చోటు ఏ కొద్దిమందికో. మిగతావాళ్ళు తమ హాస్టల్ తరఫున ఆడతారు. హాస్టల్‌ని అక్కడ హాల్ అంటారు. ఒకసారి ఒక హాల్లో చేరితే చాలామంది ఏళ్ళ తరబడి అందులోనే ఉంటారు. అందుకే అది సొంత ఊరైపోతుంది. సోరిన్ హాలు వాళ్ళు నీటికుక్కలు, బేడిన్ హాలు అమ్మాయిలు కప్పలు! ఆ పేర్లు వాళ్ళు ఎంత గర్వంగా చెప్పుకుంటారో.

మీ అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు ఒక అక్టోబరు ఆదివారం నేనా ఆట చూశాను. బక్కపలచటి కుర్రాడు, తలకి హెల్మెట్ వదులు. ప్రతి ప్రయత్నానికీ ముందు రెండు చేతులతో దాన్ని సర్దుకునేవాడు. ఒకసారి బురదలో బోర్లా పడి వెంటనే లేవలేదు. గట్టు మీది పిల్లలు వాడి పేరు పిలవలేదు, హాలు పేరు అరిచారు. వాడు మోకాళ్ళ మీద లేచాడు. చంకలో బంతి అలాగే ఉంది.

న్యూట్ రాక్నీ అనే ఆయన సంగతి వినండి. చికాగో పోస్టాఫీసులో పనిచేసి, డబ్బు కూడబెట్టుకుని, 1910లో 22 ఏళ్ళ వయసులో నోటర్ డేమ్‌లో చేరాడు. పెద్ద టీములో మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది. తిరిగొచ్చి తన బ్రౌన్సన్ హాలుకే ఆడాడు. 1913లో అమెరికా సైనిక కళాశాల వాళ్ళ ఆర్మీ జట్టును 35–13తో ఓడించినప్పుడు పాసులందుకుని పేరు తెచ్చుకున్నవాడు ఆయనే. 1918 నుంచి 1930 దాకా కోచ్‌గా 105 ఆటలు గెలిపించాడు, ఓడింది 12.

ఆయన కాలంలోనే, 1930లో, 59 వేలమంది పట్టే స్టేడియం లేచింది. హాళ్ళ పోటీ ఫైనల్ అందులో ఆడించేవారు. అంత ఖాళీ గ్యాలరీలో ఒక మూల కొన్ని వందలమంది హాలు పిల్లలు కేకలు పెడుతుంటే, రేపు పరీక్ష రాయాల్సిన మామూలు కుర్రాడు ఆ గడ్డి మీద పరుగెత్తేవాడు. నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే.

1972లో అమ్మాయిలకు డిగ్రీ చదువులు తెరిచాక వాళ్ళకీ హాళ్ళ జట్లు వచ్చాయి. మేఘనా, అందులో పడగొట్టడాలు లేవు. నడుముకు వేలాడే పట్టీ లాగేస్తే ఆగిపోవాలి. దెబ్బల భయం పెరిగి కొన్నేళ్ళ కిందట మగపిల్లల ఆటా ఈ పద్ధతికే మారింది. బాధపడ్డవాళ్ళున్నారు. నాకు మాత్రం సరైన పనే అనిపించింది.

సాత్విక్, మీ హాస్టల్లో ఎన్ని గదులున్నాయి? ఎంతమంది ఆడతారు? తిరుగు టపాలో రాయి.

మీ తాతయ్య