ఆఫీసు ఫోన్లలో ఆటో అటెండెంట్, కాలర్ ఐడీ: అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు క్లినిక్కులకు అనంతపురం, హిందూపురం, మదనపల్లె నుంచి కూడా ఫోన్లు వస్తుంటాయి. రిపోర్టు వచ్చిందా, డాక్టరుగారు రేపు ఉంటారా అని అడిగేవాళ్లు అవి. ఆ పిలుపు మధ్యలో తెగితే నష్టపోయేది పేషెంటే. అందుకే ఆటో అటెండెంట్ (ఫోను తానే ఎత్తి, మెనూ వినిపించి, కావలసినవాళ్లకు కలిపే సిస్టమ్), కాలర్ ఐడీ (ఫోన్ చేసినవాళ్ల నంబర్ చూపించే సదుపాయం) పెట్టించుకునేవాళ్లు తరచూ అనే మాటలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: మొదటి రింగుకే ఎత్తేస్తే మంచి సర్వీసు.

వాస్తవం: అనలాగ్ లైన్ (మామూలు రెండు తీగల ల్యాండ్‌లైన్) అయితే నంబరే పోవచ్చు. ఎఫ్‌ఎస్‌కే (నంబర్‌ను రెండు శ్రుతుల మధ్య మార్చి పంపే) పద్ధతిలో కాలర్ ఐడీ మొదటి, రెండో రింగుల మధ్య ఖాళీలో వస్తుంది. డీటీఎంఎఫ్ (మీటలు నొక్కితే వచ్చే టోన్ల) పద్ధతిలో మొదటి రింగుకన్నా ముందే, సాధారణంగా లైన్ పోలారిటీ (తీగల ప్లస్, మైనస్) తిరగబడ్డాక వస్తుంది. కాబట్టి రెండో రింగు తర్వాత ఎత్తేలా పెట్టండి. అయినా నంబర్ రాకపోతే కాలర్ ఐడీ ఉన్న మామూలు ఫోను ఒకటి నేరుగా లైనుకు తగిలించండి. అందులోనూ రాకపోతే కంపెనీవాళ్లు ఆ సదుపాయం ఆన్ చేయలేదేమో అడగాలి. అందులో వచ్చి ఈపీఏబీఎక్స్‌లో (ఆఫీసు ఫోన్లన్నిటినీ బయటి లైన్లకు కలిపే పెట్టెలో) రాకపోతే సెట్టింగు తప్పు: ఆస్టరిస్క్ అనే ఫోన్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే వాటిలో సిగ్నలింగ్‌ను డీటీఎంఎఫ్‌కు, స్టార్ట్‌ను పోలారిటీకి మార్చి చూడండి. పీఆర్ఐ (ఒకే కనెక్షన్‌లో 30 కాల్స్ పట్టే డిజిటల్ లైన్), ఎస్ఐపీ (ఇంటర్నెట్ పద్ధతిలో నడిచే లైన్) లైన్లలో నంబర్ కాల్‌తో పాటే వస్తుంది, అక్కడ ఆగే పని లేదు.

అపోహ: అవతలివాళ్లు పెట్టేసినా లైన్ బిజీగానే ఉందంటే ఎక్స్ఛేంజీ తప్పు.

వాస్తవం: చాలాసార్లు తప్పు మన పెట్టెలోనే ఉంటుంది. అనలాగ్ లైన్‌లో పోలారిటీ సంకేతం రాకపోతే, అవతల పెట్టేశారని పెట్టెకు చెప్పేది సాధారణంగా బిజీ టోన్ ఒక్కటే. మన దేశంలో అది 400 హెర్ట్జ్, 0.75 సెకను మోగి 0.75 సెకను ఆగుతుంది. అమెరికా సెట్టింగుతో వచ్చిన పెట్టె 480, 620 హెర్ట్జ్ కలిసిన టోన్ కోసం, అర సెకను లయలో ఎదురుచూస్తుంది. అది ఎప్పటికీ వినపడదు, లైన్ అలాగే ఇరుక్కుపోతుంది. దేశం సెట్టింగును ఇండియాకు మార్చి, బిజీ ప్యాటర్న్ 750, 750 (మిల్లీసెకన్లు) పెట్టి, నాలుగుసార్లు వినిపించాకే కట్ చేయమనండి. రెండుసార్లకే కట్ చేయమంటే మాట్లాడుతున్నవాళ్ల గొంతునే టోన్ అనుకుని మధ్యలో తెంపేసే ప్రమాదం ఉంది.

అపోహ: నంబర్ చూసి ఊరూ భాషా పట్టేయొచ్చు.

వాస్తవం: ల్యాండ్‌లైన్ అయితే 08554 చూసి అనంతపురం అనుకోవచ్చు. మొబైల్ విషయంలో 2015 జూలై నుంచి టెలికాం సర్కిల్ (రాష్ట్రం) మారినా అదే నంబర్ ఉంచుకోవచ్చు కాబట్టి ఆ లెక్క చెల్లదు. మొదటిసారి భాష అడిగి, ఆ ఎంపికను నంబర్‌తో దాచి, తర్వాతిసారి నేరుగా ఆ భాషలోకి పంపండి. భాష మార్చుకోవడానికి 9 ఉంచండి. ఇంకో సంగతి: "తెలుగు కోసం 3 నొక్కండి" అన్న మాట తెలుగులోనే వినిపించాలి. దాన్ని ఇంగ్లీషులో చెబితే ఎవరికోసం పెట్టారో వాళ్లకే అర్థం కాదు.

అపోహ: నంబర్ సేవ్ చేసి ఉంటే పేరు దానంతటదే తెరమీదకు వస్తుంది.

వాస్తవం: అదే మొబైల్ నంబర్ ఒక లైన్‌లో 0తో, ఇంకో లైన్‌లో 91తో, మరోదాన్లో +91తో వస్తుంది. చివరి 10 అంకెలతో పోల్చమని సాఫ్ట్‌వేర్‌వాళ్లకు చెప్పండి. స్థానిక ల్యాండ్‌లైన్ నుంచి 8 అంకెలే వస్తే ముందు 80 చేర్చాలి. ఇక్కడో తిరకాసు ఉంది. 080లో సున్నా తీసేస్తే బెంగళూరు ల్యాండ్‌లైన్ కూడా 8తో మొదలయ్యే పది అంకెల నంబరే, చూడ్డానికి అచ్చం మొబైల్‌లా ఉంటుంది. 8తో మొదలైతే మొబైలేనని రూల్ రాస్తే అపాయింట్‌మెంట్ ఎస్ఎంఎస్ ల్యాండ్‌లైన్‌కు పోతుంది. చెన్నై కోడ్ 44 కాబట్టి అక్కడ ఈ బాధ లేదు.

అపోహ: డాక్టరుగారి మొబైల్‌కు ఫార్వర్డ్ చేస్తే పేషెంట్ నంబరే కనిపిస్తుంది.

వాస్తవం: బయటికి వెళ్లే కాల్‌కు మీ కనెక్షన్‌కు ఇచ్చిన నంబర్లనే సాధారణంగా అనుమతిస్తారు. వేరేది పంపితే పైలట్ నంబర్‌గా (మీ కనెక్షన్ ప్రధాన నంబర్‌గా) మారుతుంది, లేదా కాలే వెళ్లదు. పైగా ఫార్వర్డ్ అయిన ఒక్కో కాల్ లోపలికి ఒకటి, బయటికి ఒకటి, రెండు చానెళ్లు తింటుంది: 30 చానెళ్ల పీఆర్ఐ 15 ఫార్వర్డ్ కాల్స్‌తో నిండిపోతుంది.

అపోహ: రిజిస్టర్ అయిన నంబర్ నుంచి వచ్చింది కాబట్టి రిపోర్టు చదివి చెప్పొచ్చు.

వాస్తవం: చెప్పకూడదు. ఒకే ఫోను ఇంట్లో నలుగురు వాడతారు, నంబర్‌ను నకిలీగా చూపించడమూ సాధ్యమే. పుట్టిన తేదీ, పేషెంట్ ఐడీ అడగండి. లేదా ఓటీపీ పంపండి.

అపోహ: మీట నొక్కినా పట్టుకోలేదంటే ఫోన్ చేసినవాళ్లు సరిగ్గా నొక్కలేదు.

వాస్తవం: ఎస్ఐపీ లైన్‌లో జీ.729 అనే మాట కుదింపు పద్ధతి ఉండి, టోన్లు మాటతో కలిపి వెళ్తుంటే అవి చెదిరిపోతాయి. డీటీఎంఎఫ్‌ను ఆర్‌ఎఫ్‌సీ 2833కు (మీటల సంకేతాన్ని మాటతో కలపకుండా విడిగా పంపే పద్ధతికి) మార్చి, మొబైల్ నుంచి 0 నుంచి 9 దాకా అన్నీ నొక్కి పరీక్షించండి. ఏ మీటా నొక్కకపోతే 5 సెకన్లు ఆగి, మెనూ ఒక్కసారి మళ్లీ వినిపించి, రిసెప్షన్‌కు కలపండి.