ఎనిమిది మంది పిల్లలు, ఎవరూ తీసుకోని పర్మిట్

ఫ్యామిలీ వ్లాగుల్లో కనిపించే పిల్లలకు ఆ వీడియోల మీద వచ్చే డబ్బులో వాటా ఉండాలా అన్న గొడవ మళ్లీ లేచింది. ఈ గొడవ లేచినప్పుడల్లా ఎవరో ఒకరు ‘జాన్ అండ్ కేట్ ప్లస్ 8’ అనే అమెరికా రియాలిటీ షోలో 2009 జూన్ 22 నాటి ఎపిసోడ్‌ను గుర్తు చేస్తారు. పెన్సిల్వేనియాకు చెందిన జాన్, కేట్ గోసెలిన్ దంపతులు కెమెరా ముందు విడివిడిగా కూర్చుని, తాము విడిపోతున్నామని చెప్పిన ఎపిసోడ్ అది. ఆ రాత్రి దాన్ని కోటీ ఆరు లక్షల మంది చూశారు. పెద్ద కుటుంబాల రియాలిటీ షోల కథ చెప్పేవాళ్లంతా అక్కడే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. నాకు మాత్రం అసలు మలుపు దానికి నెల ముందే, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక ప్రభుత్వ ప్రకటనలో ఉందనిపిస్తుంది.

పాత కథ అమెరికా వాళ్లకు కొట్టినపిండి కాబట్టి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఆమె నర్సు, ఆయన ఐటీ ఉద్యోగి. 2000లో కవల ఆడపిల్లలు పుట్టారు. 2004 మేలో ఒకే కాన్పులో ఆరుగురు పుట్టారు. ముందు ఒకటి రెండు స్పెషల్స్ వచ్చాయి. 2007 ఏప్రిల్‌లో డిస్కవరీ హెల్త్ అనే టీవీ చానల్లో ‘జాన్ అండ్ కేట్ ప్లస్ 8’ సిరీస్‌గా మొదలైంది, తర్వాత టీఎల్‌సీ అనే చానల్‌కు మారింది. పిల్లల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఊరంతా తెలిసిన పేర్లే, కానీ వాటిని ఇప్పటికే చాలామంది చాలాసార్లు వాడుకున్నారు.

ఆ షోను ఇష్టంగా చూసినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇద్దరు పిల్లలుంటేనే ఇల్లు పీకి పందిరేస్తారంటాం. అలాంటిది ఆరుగురికి ఒకేసారి ముక్కు తుడవడం, ఆరు జతల చెప్పులు వెతకడం, ఎనిమిది మందినీ బండెక్కించేలోపు మొదట ఎక్కినవాడు బాత్రూం అనడం. నటుల్లేరు, కథ లేదు, సెట్టు లేదు. చూస్తున్నంతసేపూ ఆ తల్లి ఓపిక గురించే ఆలోచించాను తప్ప, లైట్లు ఎవరు పెట్టారు, కెమెరా ఎంతసేపటి నుంచి తిరుగుతోంది, నిద్రొస్తున్న పిల్లవాణ్ని ఇంకా ఎందుకు పడుకోబెట్టలేదు అన్నవి నాకు తట్టనే లేదు. తట్టకుండా తీయడమే ఆ షో పనితనం.

2009 మే నెలాఖరులో పెన్సిల్వేనియా కార్మిక శాఖకు తట్టింది. షో చిత్రీకరణ రాష్ట్ర బాల కార్మిక చట్టానికి లోబడి జరుగుతోందా అని ఒక ఫిర్యాదు రావడంతో పరిశీలిస్తున్నామని ఆ శాఖ చెప్పింది. అప్పటికి పత్రికల నిండా ఆ దంపతుల మధ్య ఎవరిది తప్పు అన్న గోలే. అయిదో సీజన్ మొదటి ఎపిసోడ్‌ను 98 లక్షల మంది చూసింది కూడా ఆ గోల వల్లే. విడాకుల వార్త ముందు కార్మిక శాఖ పరిశీలన ఎంత? లోపలి పేజీల వార్త.

కానీ ఆ శాఖ వేసిన ప్రశ్న అంతకుముందు ఎవరూ గట్టిగా అడగనిది. బెర్క్స్ కౌంటీలో 24 ఎకరాల స్థలంలో ఉన్న, సుమారు 11 లక్షల డాలర్లకు కొన్న ఆ ఇల్లు ఇల్లేనా, లేక పని చేసే చోటా? పని చేసే చోటైతే అక్కడ అయిదేళ్ల పిల్లలు చేస్తున్నది పనే. పనైతే పర్మిట్ కావాలి, గంటల లెక్క కావాలి, కూలీ కావాలి.

షో వైపు వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. పిల్లలకు ఎవరూ డైలాగులు ఇవ్వడం లేదు, వాళ్లు తమ ఇంట్లో తాము ఆడుకుంటున్నారు, కెమెరా చూస్తోందంతే అన్నది ఆ వాదన. చట్టాలన్నీ పాటిస్తున్నామని టీఎల్‌సీ చెప్పింది. కేట్ వాదన వేరు. ఎనిమిది మందిని పెంచాలంటే డబ్బు కావాలి, ఈ షో లేకపోతే వాళ్లకు ఆ ఇల్లు, ఆ ప్రయాణాలు, రేపటి చదువులు ఎక్కడివని ఆమె చాలాసార్లు అంది. ఎనిమిది మందికి మూడు పూటలా తిండి పెట్టి చూసినవాళ్లే ఆమెను తప్పుపట్టాలి. నేను పట్టను. అయితే ఆ మాటలోనే ఒక సంగతి బయటపడుతోంది. ఇల్లు గడుస్తున్నది పిల్లల వల్ల.

జాన్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇవాళ పిల్లల పక్షాన మాట్లాడే తండ్రుల జాబితాలో ఆయన పేరు తరచూ వినిపిస్తుంది. 2009 సెప్టెంబరు చివర్లో చానల్ వాళ్లు షో పేరులోంచి ఆయన పేరు తీసేసి ‘కేట్ ప్లస్ 8’ చేస్తామన్నారు. ఆ వెంటనే, అక్టోబరు మొదట్లో, షూటింగ్ పిల్లలకు మంచిది కాదంటూ ఆయన కెమెరా వాళ్లను ఇంటి ఆవరణలోకి రానివ్వనన్నాడు. ఒప్పందం ఉల్లంఘించాడని చానల్ ఆయన మీద దావా వేసింది. 2010 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. ఆయన అన్నమాట నిజమే కావచ్చు. ఆ మాటకు పట్టిన ముహూర్తాన్ని మాత్రం పాఠకులు గమనించాలి.

2009 మే నాటి ఆ ప్రకటనతో మొదలైన మలుపు పూర్తయింది 2010 ఏప్రిల్‌లో. కార్మిక శాఖ తేల్చింది: ఆ పిల్లలకు పర్మిట్లు తీసుకుని ఉండాల్సింది, తీసుకోలేదు. అంటే అది పనే. కానీ ఎవరి మీదా కేసు పెట్టడం లేదు.

అదే నెలలో రాష్ట్ర ప్రతినిధుల సభ కమిటీ ముందు విచారణ జరిగింది. ఒకప్పటి బాల నటుడు పాల్ పీటర్సన్, న్యాయవాది గ్లోరియా ఆల్‌రెడ్ వచ్చి మాట్లాడారు. వాళ్లకంటే బరువైన మాట కేట్ తోడబుట్టినవాడిది, అతని భార్యది. తొలి సీజన్లలో షోలో కనిపించినవాళ్లే వాళ్లు, ఆ పిల్లల్ని ఎత్తుకు తిప్పినవాళ్లే. పిల్లలకు పాటీ అలవాటు చేసే దృశ్యాలు కూడా తీసి చూపించారని చెప్పారు. ఇంకో ఉదంతం కూడా ప్రస్తావించారు. పిల్లల్ని పక్కల మీంచి లేపి ఇవాళ క్రిస్మస్ అని చెప్పి, వాళ్ల సంబరాన్ని కెమెరాలో పట్టారట.

ఆ క్రిస్మస్ దగ్గర కాస్త ఆగాలి. రేపు సంక్రాంతి కాకపోయినా సంక్రాంతేనని చెప్పి మన ఇంట్లో నాలుగేళ్ల పిల్లకు పట్టు పరికిణీ కట్టి, భోగిపళ్లు పోసి, దాని నవ్వును ఎవరికో అమ్ముకున్నామనుకోండి. పిల్ల నటించలేదు, నిజంగానే నవ్వింది. నిజంగా నవ్వింది కాబట్టి అది పని కాదంటారు. పెద్దవాళ్లు రాసుకున్న సీను అది, ఆ సంగతి తెలియనిది పిల్లకొక్కదానికే. డైలాగు చెప్పే బాల నటికైనా తాను నటిస్తున్నానని తెలుసు.

పిల్లలు నటులైతే వాళ్లకు అప్పటికే ఎంతోకొంత రక్షణ ఉంది. జాకీ కూగన్ అనే బాలుడు హాలీవుడ్‌లో లక్షలు సంపాదిస్తే, పెద్దయ్యాక చూసుకునేసరికి తల్లి, సవతి తండ్రి దాదాపు అంతా ఖర్చు పెట్టేశారు. అతను 1938లో కోర్టుకెక్కాడు, 1939లో కాలిఫోర్నియా బాల నటుల సంపాదనలో కొంత పక్కన పెట్టాలని చట్టం చేసింది. అదే 1938లో వచ్చిన ఫెడరల్ కార్మిక చట్టం మాత్రం బాల నటుల్ని తన నిబంధనల నుంచి మినహాయించి, సంగతి రాష్ట్రాలకు వదిలేసింది. కాబట్టి పిల్లవాడు ఏ రాష్ట్రంలో పుట్టాడన్నదాన్ని బట్టి వాడి కష్టానికి లెక్క. ఇంట్లో పెద్దమంద పిల్లలున్న షోలు హాలీవుడ్‌లో కాకుండా పెన్సిల్వేనియాలో, ఆర్కన్సాలో తయారయ్యాయి.

ఆర్కన్సాది డుగ్గర్ కుటుంబం, పంతొమ్మిది మంది పిల్లలు. 2008లో ‘17 కిడ్స్ అండ్ కౌంటింగ్’గా మొదలై, కాన్పుకొక అంకె పెంచుకుంటూ 19 దాకా వెళ్లి, 2015లో రద్దయింది. రద్దుకు కారణమైన నేరాల కథ వేరే, దాన్ని ఇక్కడ ఎత్తను. మనకు కావాల్సింది కూతుళ్లలో ఒకరైన జిల్ 2023లో బయటపెట్టిన ఒక్క సంగతి. తన పెళ్లికి ముందురోజు తండ్రి ముందుపెట్టిన కాగితాల మీద ఏమిటని అడక్కుండా సంతకం చేశానని, అది షో ఒప్పందమని తర్వాత తెలిసిందని ఆమె చెప్పింది. పెళ్లికూతురి హడావుడిలో నాన్న పెట్టమన్నచోట సంతకం పెట్టని ఆడపిల్ల మన ఇళ్లలో మాత్రం ఎంతమంది ఉంటారు?

ప్రభుత్వం కలగజేసుకుంటే అన్నీ చక్కబడతాయని అనుకోవడానికీ వీల్లేదు. కెనడాలోని ఒంటారియోలో 1934లో డియోన్ దంపతులకు ఒకే కాన్పులో అయిదుగురు ఆడపిల్లలు పుట్టారు. షికాగో ప్రదర్శనలో వాళ్లను చూపించడానికి తండ్రి ఒప్పందం మీద సంతకం చేశాడు. పిల్లల్ని కాపాడతామంటూ ఒంటారియో ప్రభుత్వం వాళ్ల సంరక్షణను తల్లిదండ్రుల నుంచి తీసేసుకుంది. తీసుకుని ఏం చేసింది? ఇంటికి ఎదురుగా రోడ్డు అవతల ఒక నర్సరీ కట్టి, ఆ పిల్లలు ఆడుకుంటుంటే జనం వచ్చి చూసేలా ఏర్పాటు చేసింది. పిల్లలకు జనం సరిగా కనిపించకుండా తెరలు కట్టారు. 1943 నాటికి చూసిపోయినవాళ్లు దాదాపు 30 లక్షలు. బతికున్న ముగ్గురు అక్కచెల్లెళ్లకు 1998లో ఒంటారియో 40 లక్షల కెనడా డాలర్లు చెల్లించింది. దానికి ఏడాది ముందు, అయోవాలో ఒక తల్లికి ఏడుగురు పుట్టారని తెలిసి, ఆ ముగ్గురూ ఆ తల్లిదండ్రులకు బహిరంగ లేఖ రాశారు. ఒకే కాన్పులో ఎక్కువమంది పుట్టడాన్ని వినోదం చేయవద్దని, మీ పిల్లల్ని మాలా కానివ్వవద్దని వాళ్లు కోరింది. గోసెలిన్‌ల ఆరుగురు పుట్టింది ఆ లేఖ వచ్చిన ఏడేళ్లకు.

పెన్సిల్వేనియా మాత్రం తాను మొదలుపెట్టినది పూర్తి చేసింది. థామస్ మర్ట్ అనే శాసనసభ్యుడు పట్టు వదలకపోవడంతో 2012 అక్టోబరులో కొత్త బాల కార్మిక చట్టం వచ్చింది. రియాలిటీ షోలను అందులోకి తెచ్చారు. పిల్లల సంపాదనలో 15 శాతం ట్రస్టులో పెట్టాలన్నారు. అప్పటికి గోసెలిన్ పిల్లల వందకు పైగా ఎపిసోడ్లు ప్రసారమైపోయాయి.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఆ చట్టాలన్నీ యజమాని ఒకడు, తల్లిదండ్రులు ఒకరు అనుకుని రాసినవి. చానల్‌కు నోటీసు ఇవ్వవచ్చు, నిర్మాతను పర్మిట్ అడగవచ్చు. తండ్రే కెమెరామన్, తల్లే ఎడిటర్, వంటింటి గట్టు మీద ఫోను స్టాండు అయినప్పుడు ఎవర్ని అడగాలి? అధికారుల ముందు పిల్లల తరఫున నిలబడాల్సినవాళ్లే యజమానులు.

ఇక్కడ మన ప్రస్తావన వస్తుంది. ఇలినాయ్ రాష్ట్రంలో నార్మల్ అనే ఊరికి చెందిన శ్రేయా నల్లమోతు హైస్కూల్లో ఉండగానే ఈ సంగతి మీద తమ సెనేటర్‌కు రాసింది. ఇంటిపేరు చూడగానే మనవాళ్లకు ఊళ్లు గుర్తొస్తాయి. ఆ ప్రయత్నం 2023 ఆగస్టులో చట్టమై, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. నెల రోజుల వీడియోల్లో కనీసం 30 శాతంలో కనిపించే, పదహారేళ్లలోపు పిల్లలకు రాబడిలో వాటా ట్రస్టులో వేయాలి. కాలిఫోర్నియా, మినసోటా కూడా తర్వాత తమ చట్టాలు తెచ్చాయి.

మన దేశంలో చట్టం లేదని కొందరు అంటున్నారు. ఉంది. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించి, 2017లో నిబంధనలు ఇచ్చారు. పిల్లల్ని షూటింగ్‌లో వాడే నిర్మాత జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రోజుకు అయిదు గంటలు మించకూడదు, విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. పిల్లల రాబడిలో కనీసం 20 శాతం జాతీయం చేసిన బ్యాంకులో వాళ్ల పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. అయితే అదే చట్టంలో ఇంకో మినహాయింపు ఉంది: బడి అయ్యాకో సెలవుల్లోనో కుటుంబ వృత్తికి పిల్లలు సాయం చేయవచ్చు. చేనేత మగ్గం, కిరాణా కొట్టు లాంటివి మనసులో పెట్టుకుని రాసిన మాట అది. ఫ్యామిలీ చానల్ కూడా కుటుంబ వృత్తేనని రేపు ఎవరైనా వాదిస్తే? అన్నప్రాసన, చెవులు కుట్టించడం, ఓణీల ఫంక్షన్, అన్నిటికీ స్పాన్సర్లున్న చానళ్లు తెలుగులో ఎన్ని ఉన్నాయో ఫోను తెరిస్తే తెలుస్తుంది. ఆ వీడియోల కోసం ఏ కలెక్టరేట్‌లోనైనా దరఖాస్తు పెట్టారేమో అడిగి చూడండి.

తల్లిదండ్రుల పక్షం వాళ్లు అడిగేది ఒకటే: మా పిల్లల్ని మేం ప్రేమించడం లేదా, మధ్యలో ప్రభుత్వమెందుకు? ప్రేమ సంగతి కార్మిక శాఖ కూడా ఎప్పుడూ అడగలేదు. అది అడిగింది పర్మిట్ గురించి.

ఇలినాయ్ చట్టం ప్రకారం వీడియోలు తీసే పెద్దలే ఏ వీడియోలో పిల్ల ఎంతసేపు కనిపించింది, ఎంత డబ్బు వచ్చింది అన్న లెక్క రాసి ఉంచాలి. ఆ లెక్క తప్పితే పిల్ల కోర్టుకు వెళ్లవచ్చు. ట్రస్టులోని డబ్బు చేతికొచ్చేది మాత్రం పద్దెనిమిదేళ్లు నిండాకే. చట్టం అమల్లోకి వచ్చిన రోజున ఆరేళ్లున్న పిల్లకు ఆ వయసు వచ్చేది 2036లో. అప్పటిదాకా ఆ పుస్తకం అమ్మానాన్నల చేతిలోనే ఉంటుంది.