పొగ పెడితే పోయేవి కావు ఈ నుసుములు: అపోహలు - వాస్తవాలు

గొర్రెల మందలున్న ఊళ్ళలో క్యూలికాయిడ్స్, అంటే రక్తం తాగే ఈ చిన్న నుసుముల సర్వే నా పని. జీపులోంచి లైట్ ట్రాప్ (వెలుగుకు వచ్చిన పురుగుల్ని సీసాలో పట్టే పరికరం) దించకముందే ఎవరో ఒకరు అడుగుతారు: "ఫాగింగ్ మిషన్ తెచ్చిన్రా సారూ?" వానలు ముదిరేసరికి, ఈ నుసుములు మోసే వైరస్ వల్ల గొర్రెలకు వచ్చే నీలినాలుక జబ్బు భయం పట్టుకుంటుంది కాబట్టి అడగడంలో తప్పు లేదు. ఆ పొగకు పెట్టే ఖర్చు చూస్తేనే ఒళ్ళు మండుతుంది.

అపోహ: దోమల్లాగే ఇవీ మురుగుకాల్వల్లో పుడతాయి. కాల్వలో నూనె పోసి, సాయంత్రం పొగ పెడితే పీడ విరగడైపోతుంది.

వాస్తవం: వీటి పిల్లపురుగులకు నిలవనీళ్ళకన్నా చిత్తడి నేల ముఖ్యం. పేడా మూత్రం కలిసి నానిన బురద, తొట్టి పొర్లిపోయి ఎండకుండా ఉండే జాగా, పెంటకుప్ప అడుగు, చెరువు వారన మెత్తటి మట్టి... పుట్టేది అక్కడ. పొగకు చచ్చేవి ఆ పూట గాల్లో ఉన్న కాసిని రెక్కలొచ్చిన పురుగులే. బురదలో ఉన్నవాటికి పొగ తగలదు. అవి వంతులవారీగా రెక్కలొచ్చి పైకి వస్తూనే ఉంటాయి. ఎండాకాలపు వేడిలో గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి రెండు మూడు వారాలు చాలు.

మహబూబ్‌నగర్ వైపు ఒక ఊళ్ళో ఓ మందల యజమాని నాతో వాదానికి దిగాడు. "కాల్వల మందు గొట్టినం, పొగ గూడ వెట్టిచ్చినం. ఇంకా యాడికెళ్ళి వస్తున్నయ్?" దొడ్డి చుట్టూ తిరిగాం. బర్రెల తొట్టి ఓ మూల పగిలి, నీళ్ళు కారి, కింద నేల నల్లగా, గిట్టల గుంటలతో నిండి ఉంది. ఆ మట్టి ఓ దోసెడు డబ్బాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి తెచ్చుకున్నా. మళ్ళీ ఆ ఊరికి వెళ్ళినప్పుడు డబ్బా చూపించా. గుడ్డ లోపలివైపు ఆవగింజలో సగం లేని పురుగులు, రెక్కల మీద బూడిద చల్లినట్టు మచ్చలు. భూతద్దంలోంచి ఆయన చాలాసేపు చూశాడు. వెనక నుంచి ఆయన భార్య: "తొట్టి పూడ్పియ్యమని ఎన్నిసార్లు జెప్పిన?" నాకు ఇంకేం మాట్లాడాల్సిన పని లేకపోయింది.

తొట్టికి సిమెంటు పూయండి. చిత్తడి జాగాలో మొరం పోయండి. పెంటకుప్పను దొడ్డికి దూరంగా జరపండి. ఇవి చేసినా నుసుములు పూర్తిగా పోవు. పక్క పొలాల్లోంచి వస్తాయి, గాలివాటున ఇంకా దూరం నుంచీ వస్తాయి. కానీ పొగకన్నా ఇదే నయం.

అపోహ: ట్రాప్ సీసా నిండిందంటే ఊరికి ముప్పు, ఖాళీగా ఉంటే క్షేమం.

వాస్తవం: వరికోతల ముందు సీసా నిండా సుడిదోమే పడుతుంది. అది పైరును పీల్చేదే తప్ప గొర్రెను కుట్టేది కాదు. ట్రేలో పోసి ఏరితే మాకు కావలసినవి చెంచాడు కూడా ఉండకపోవచ్చు. పున్నమి వెన్నెల్లో, గాలి గట్టిగా వీచిన రాత్రి ఇంకా తక్కువ పడతాయి. సీసా ఖాళీగా ఉందని టీకా మానేసిన వాళ్ళను చూశాను, అందుకే చెబుతున్నా. మేం వట్టి లెక్క చూడం. ఆడపురుగు కడుపు ముదురు ఎరుపు తిరిగిందా అని మైక్రోస్కోపు కింద చూస్తాం. అలా ఉంటే అది ఒకసారి రక్తం తాగి గుడ్లు పెట్టినదన్నమాట. వైరస్ మోసుకొచ్చే అవకాశం ఉన్నవి అవే.

మిగతావి గబగబా. లైటు పురుగుల్ని ఊళ్ళోకి తెస్తుందా? పక్క ఊరి నుంచి లాక్కొచ్చేంత శక్తి ఆ చిన్న లైటుకు లేదు. దోమతెర ఆపుతుందా? మామూలు తెర కన్నాల్లోంచి ఇవి దూరిపోతాయి. కొట్టంలో ఫ్యాను ఉంటే గాలికి నిలవలేవు. నీలినాలుక మనిషికి వస్తుందా? రాదు. 2024లో వాట్సాప్‌లో తిరిగిన, నుసుముల వల్ల మనుషులకు వచ్చే ఒరోపౌష్ జ్వరం సంగతి వేరు. ఆ వైరస్, దాన్ని మోసే క్యూలికాయిడ్స్ పారెన్సిస్, రెండూ అమెరికా ఖండాలవి.

ఇక నీలినాలుక అంటుకుంటుందన్న భయం. ఒక్క గొర్రెకు మూతి వాచి నాలుక కమిలితే, మంద మొత్తం అంటుకుంటుందని రాత్రికి రాత్రే అడ్డికి పావుశేరు అమ్మేస్తారు. ఏడాది కష్టం అలా పోతుంటే చూడలేం. అమ్మినవారిని నేను తిట్టను, కళ్ళముందు జీవం కొట్టుకుంటుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. ఒక మేత మేసినంత మాత్రాన, పక్కపక్కన పడుకున్నంత మాత్రాన ఇది సోకదు. మధ్యలో నుసుము ఉండాలి. పైకి ఏ జబ్బూ కనపడని ఆవుల్లో, బర్రెల్లో వైరస్ ఉంటుంది, కాబట్టి గొర్రెల్ని వాటి కొట్టానికి దూరంగా కట్టండి. జబ్బు పడ్డవాటికి నీడ, గంజి, మెత్తటి మేత ఇస్తూ పశువైద్యుణ్ని పిలవండి. సూర్యుడు దిగకముందే మందను దొడ్డికి చేర్చండి, నుసుములు ఎక్కువగా లేచేది మునిమాపు వేళ, తెల్లవారుజామున. ఐదు రకాల వైరస్‌లకు పనిచేసే టీకా ఉంది. వేయించిన రోజే రక్షణ రాదు కాబట్టి వానలు పడకముందే అడగండి.