విశాఖ నుంచి గన్నవరానికి విమానం: గంట లెక్క వెనుక కథ

విశాఖపట్నం నుంచి విజయవాడకు రైలు దారిన 350 కిలోమీటర్లు. విశాఖ రన్‌వే నుంచి విజయవాడ విమానాశ్రయమున్న గన్నవరం రన్‌వేకు తిన్నగా గీత గీసి కొలిస్తే సుమారు 290. ఏటీఆర్ (పంకాలతో నడిచే చిన్న విమానం) గంటకు దాదాపు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది కాబట్టి 35 నిమిషాల్లో చేరిపోవాలి. టైంటేబుల్లో మాత్రం గంటకు పైనే ఉంటుంది. టెర్మినల్ నుంచి రన్‌వే దాకా వెళ్లడం, పైకి ఎక్కడం, దిగేముందు వేగం తగ్గించి వరసలోకి రావడం... ఊరు దగ్గరైందని ఈ పనులు తొందరగా తెమలవు. జెట్ వేసినా కలిసొచ్చేది కొద్ది నిమిషాలే.

రాష్ట్ర విభజన దాకా ఈ గంటను పట్టించుకున్నవాళ్లు తక్కువ. పెద్ద పని పడితే విశాఖవాసి వెళ్లింది హైదరాబాదుకే. అమరావతికి సచివాలయం, 2019 జనవరిలో హైకోర్టు వచ్చాక ప్రయాణం అటు మళ్లింది. విమానాలు మాత్రం నిలకడగా లేవు. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్టా 2017లో ఆగిపోయింది. తర్వాత కూడా ఈ రూటులో సర్వీసులు రావడం, పోవడం మామూలైంది. నేరుగా విమానం లేనప్పుడు శంషాబాద్ మీదుగా తిరిగి రావాలి. అంటే 290 కిలోమీటర్ల చోట 770 పైచిలుకు! సొంత రాష్ట్ర రాజధానికి ఇంత చుట్టు తిరగాల్సి రావడం ఉత్తరాంధ్రకు జరిగిన అన్యాయమే.

విశాఖ విమానాశ్రయం స్వభావం కూడా ఇందులో ఉంది. అది నౌకాదళం వారి వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా. పౌర విమానాలు 1981లో రోజుకు ఒక్క సర్వీసుతో మొదలయ్యాయి. 2007లో 3,050 మీటర్ల కొత్త రన్‌వే, 2009లో కొత్త టెర్మినల్ వచ్చాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ఆ టెర్మినల్‌ను చిందరవందర చేసింది. మళ్లీ నిలబెట్టారు. కానీ నేవీ శిక్షణ వేళలు పోగా మిగిలిన స్లాట్లలోనే పౌర విమానాలు సర్దుకోవాలి. పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేలా చిన్న రూటుకు వేళలు కుదరడం అందుకే కష్టమైంది.

విజయనగరం జిల్లా భోగాపురంలో కొత్త విమానాశ్రయం కట్టాలన్న ఆలోచన ఈ ఇరుకులోంచే పుట్టింది. 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన జరిగింది. రన్‌వే 3,800 మీటర్లు. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు ఇది నిజంగా మేలు. గన్నవరం ప్రయాణానికి మాత్రం లెక్క మారుతుంది. ఆకాశంలో పెరిగేది సుమారు 40 కిలోమీటర్లు, అంటే అయిదారు నిమిషాలు. అసలు భారం రోడ్డు మీద. ఎన్‌ఏడీ జంక్షన్ దాకా పోకుండానే ఎయిర్‌పోర్టు చేరే గాజువాక మనిషి ఊరంతా దాటి, ఆనందపురం, తగరపువలస మీదుగా వెళ్లాలి. ఇంకో గంటకు పైగా వేసుకోవాల్సిందే.

వందేభారత్ విశాఖ స్టేషన్ నుంచి విజయవాడకు నాలుగు గంటల పైచిలుకులో చేరుస్తుంది. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టు, అక్కడ ముందుగా హాజరు, విమానంలో గంట, గన్నవరం నుంచి ఊళ్లోకి మరో 20 కిలోమీటర్లు కలిపితే విమానానికీ ఇప్పుడు అంతే పడుతోంది. భోగాపురం నుంచైతే రైలే ముందు చేరుస్తుంది. కనుక ఈ రూటుకు కావాల్సింది వేగం కన్నా వేళలు: కోర్టు తెరిచేలోగా దింపే పొద్దుటి విమానం, పని ముగిశాక ఎక్కించుకునే రాత్రి విమానం, వాటికి అందేలా గాజువాక నుంచి భోగాపురానికి నేరుగా బస్సులు.