ఐపీ పెట్టిన ఇంట్లో ఇల్లాలి హక్కు

తెలుగు జిల్లాల్లో ‘ఐపీ పెట్టాడు’ అన్న మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. చిట్టీలు నడిపి దెబ్బతిన్నవారు, పత్తి, మిర్చి వ్యాపారంలో నష్టపోయినవారు, ప్రాంసరీ నోట్ల మీద వడ్డీలు కట్టలేక చేతులెత్తేసినవారు సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో దివాలా పిటిషన్ వేస్తారు. అప్పిచ్చినవారి ఇళ్లకు నోటీసులు వెళ్లిన రోజునే ఆ మాట ఊరంతా పాకుతుంది. ఎవరికెంత బాకీ, ఆస్తి ఏమైనా మిగిలిందా అని అందరూ లెక్కలు వేస్తారు. ఆ ఇంట్లో ఏళ్ల తరబడి కాపురం చేస్తున్న భార్యకు ఆ ఇంటి మీద ఏ హక్కు ఉందన్నది మాత్రం ఎవరి లెక్కలోకీ రాదు. చట్టం లెక్కలోకి కూడా అది సూటిగా ఎన్నడూ రాలేదు.

మన దివాలా చట్టాలు రెండూ బ్రిటిష్ కాలం నాటివే. కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాలకు 1909 నాటి చట్టం, మిగిలిన ప్రాంతాలకు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం వర్తించేవి. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కోస్తా, రాయలసీమ జిల్లాలు ఈ రెండో చట్టం కిందికి వచ్చాయి. దాని 28వ సెక్షన్ ప్రకారం, దివాలా తీసినట్టు కోర్టు ప్రకటించగానే అతని ఆస్తి యావత్తూ కోర్టుకు గానీ, ఆ ఆస్తిని చూసుకునేందుకు కోర్టు నియమించే రిసీవర్‌కు గానీ దఖలు పడుతుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు నుంచి మినహాయించినవి మాత్రమే అతనికి మిగులుతాయి.

ఆ 60వ సెక్షన్‌ను ఒకసారి నిదానంగా చదవాలి. జప్తుకు వచ్చిన కోర్టు అమీనా ముట్టుకోకూడనివి అందులో మొదటే ఉన్నాయి: అప్పుపడ్డవాడికీ, అతని భార్యకూ, పిల్లలకూ అవసరమైన కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచాలు, పరుపులు, మతాచారం ప్రకారం స్త్రీ విడిచిపెట్టకూడని నగలు. మన ఇళ్లలో ఆ చివరి మాటకు అర్థం మంగళసూత్రం. గిన్నెలు, పరుపు, పుస్తెలు ఇల్లాలికి వదిలేసిన చట్టం, ఆ గిన్నెలు పెట్టుకునే వంటగది జోలికి వచ్చేసరికి ఆమెను మరిచిపోయింది. ఇంటికి మినహాయింపు లేకపోలేదు గానీ అది రైతుకు, కూలికి, ఇంటిపని చేసేవారికి మాత్రమే, అదీ వారు నివసిస్తున్న ఇంటికే వర్తిస్తుంది. దుకాణదారుడి ఇల్లు మొత్తంగా వేలానికి వెళ్తుంది. అంటే ఆ రక్షణ భర్త వృత్తిని చూసి ఇచ్చింది తప్ప భార్య కాపురాన్ని చూసి ఇచ్చింది కాదు.

దీనికి వేరు హిందూ ధర్మశాస్త్రంలో ఉంది. మన ప్రాంతంలో చెల్లే ధర్మశాస్త్ర సంప్రదాయమైన మితాక్షర ప్రకారం పిత్రార్జితమైన ఇంట్లో కొడుక్కి పుట్టుకతోనే వాటా ఉంటుంది. కోడలిగా వచ్చిన స్త్రీకి ఉండదు. తండ్రీ కొడుకులు పంచుకునేటప్పుడు భార్యకూ ఒక భాగం ఇవ్వాలని శాస్త్రంలో ఉన్నా, దక్షిణాదిలో ఆ ఆచారం ఎప్పుడో కాలం చెల్లిపోయిందని కోర్టులు తేల్చేశాయి. ఆమెకు మిగిలింది మనోవర్తి, అంటే పోషణ పొందే హక్కు, ఒక్కటే. తలదాచుకునే చోటు కూడా అందులో భాగమే అయినా, డిక్రీ ద్వారానో ఒప్పందం ద్వారానో ఆస్తి మీద ఛార్జీగా, అంటే ఆ ఆస్తి నుంచే రాబట్టుకోగల బాధ్యతగా, ఏర్పడితే తప్ప ఆ హక్కు అప్పులవాళ్ల ముందు నిలవడం కష్టం. తండ్రి చేసిన బాకీ అవినీతికరమైనది కాకపోతే దాన్ని తీర్చడం కొడుకుల ధర్మమన్న పాత సూత్రం మరో దెబ్బ: తండ్రి దివాలా తీస్తే కొడుకుల వాటాలు అమ్మే అధికారం కూడా రిసీవర్ చేతికి వెళ్లేది.

ఆ తర్వాత వచ్చిన సంస్కరణలు పిల్లల వైపు నుంచే వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 1986లో సవరణ తెచ్చి కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతో వాటా ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ దాన్ని దేశమంతటికీ విస్తరించి, ఆ తర్వాత చేసిన అప్పుల విషయంలో కొడుకుల ధార్మిక బాధ్యతను కూడా రద్దు చేసింది. కాబట్టి ఈనాడు పిత్రార్జితమైన ఇంటి యజమాని ఐపీ పెడితే, కొడుకూ కూతురూ ‘మా వాటాలు వేరు’ అని అడ్డుపడగలరు. వారిని కన్న తల్లికి అలా చెప్పుకోవడానికి వాటా అంటూ లేదు. పుట్టింట్లో హక్కు వచ్చిన స్త్రీకి అత్తింట్లో రాకపోవడం చిన్న విషయంగా నాకు కనిపించదు.

1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన తులసమ్మ కేసు మన ప్రాంతం నుంచి వెళ్లిందే. మనోవర్తి కింద వితంతువుకు ఇచ్చిన ఆస్తి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ వల్ల ఆమెకు సంపూర్ణంగా దక్కుతుందని అందులో తేలింది. మనోవర్తి ఎవరి దయాదాక్షిణ్యమో కాదని, ఆస్తిలో హక్కు కాకపోయినా ఆస్తి మీద నిలిచే గట్టి హక్కు అని న్యాయమూర్తులు చెప్పారు. ఆ మాటను దివాలా చట్టంలోకి తీసుకువచ్చే ప్రయత్నం శాసనకర్తలు చేయలేదు.

అలా తీసుకురావడం అసాధ్యమేమీ కాదనడానికి పాత ఉదాహరణే ఉంది. భార్యాబిడ్డల పేరిట భర్త తీసుకున్న జీవిత బీమా పాలసీని 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం ట్రస్టుగా భావించి, అతని అప్పులవాళ్లకు అందకుండా కాపాడింది. హిందువులకు ఆ రక్షణ 1923లో వచ్చింది; మద్రాసు ప్రెసిడెన్సీలోనైతే 1913 డిసెంబర్ 31 తర్వాత తీసుకున్న పాలసీలకు కూడా వర్తింపజేశారు. బీమా కాగితానికి దక్కిన గౌరవం ఇంటికి దక్కలేదు.

ఈ లోటును కుటుంబాలు తమకు తెలిసిన దారిలోనే పూడ్చుకున్నాయి: ఇంటిని భార్య పేరిట పెట్టడం. పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన స్థలంలో ఇల్లు కట్టుకున్నవారి పరిస్థితి కొంత మెరుగు, ఎందుకంటే ఆ స్థలం ఆమె స్త్రీధనం. కట్టడానికి పెట్టిన డబ్బు ఎవరిదన్న తగాదా అక్కడా తప్పదు. భర్త తన ఇంటిని ఆమెకు దానపట్టాగా రాసిస్తే, ఆ తర్వాత రెండేళ్లలోపు దివాలా పిటిషన్ పడిన పక్షంలో 1920 చట్టం 53వ సెక్షన్ కింద రిసీవర్ ఆ దస్తావేజును రద్దు చేయించగలడు. భర్త సొమ్ముతో ఆమె పేర కొంటే బినామీ అన్న వాదన వస్తుంది. భార్య పేర కొన్నది ఆమెకు కానుక అని ఇంగ్లాండులో ఊహించుకున్నట్టు ఇక్కడ ఊహించడానికి వీల్లేదని మద్రాసు నుంచి వెళ్లిన ఒక కేసులో అప్పటి అత్యున్నత అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ 1925లోనే చెప్పింది. భర్త సంపాదన వెనుక ఇల్లాలి చాకిరీ ఉందని, దానికి ఆస్తిలో వాటా ఇవ్వాలని మద్రాసు హైకోర్టు 2023లో ఒప్పుకున్నా, అది అప్పులవాళ్లతో తగువు కాదు.

2016లో వచ్చిన దివాలా స్మృతి ఈ ప్రశ్నను కొత్తగా అడిగే అవకాశం. అది ఇంటిని పూర్తిగా విస్మరించలేదు: తాకట్టులో లేని ఒక నివాస గృహాన్ని మినహాయించింది. కానీ 2019 నిబంధనల ప్రకారం ఆ ఇంటి విలువ పట్టణంలో 20 లక్షల రూపాయలు, గ్రామంలో 10 లక్షలు మించకూడదు. విజయవాడలో, హైదరాబాద్‌లో 20 లక్షలకు ఎలాంటి ఇల్లు వస్తుందో చదువరులకు తెలుసు. పైగా అది అప్పుపడ్డవాడి ఇంటికి ఇచ్చిన మినహాయింపే. భార్యకు వేరే హక్కు లేదు. ఇంగ్లాండు, వేల్స్‌లో అలా కాదు. అక్కడి 1986 చట్టం ప్రకారం ఇంటిని అమ్మించమని దివాలాదారుడి ఆస్తిని చూసే ట్రస్టీ అడిగినప్పుడు భార్య అవసరాలను, పిల్లల అవసరాలను కోర్టు తూచి చూడాలి. ఏడాది దాటాక మాత్రం, అసాధారణ పరిస్థితులు ఉంటే తప్ప, అప్పులవాళ్ల వైపే మొగ్గాలి. అంటే ఆమెకు కనీసం ఏడాది ఊపిరి దొరుకుతుంది. మన స్మృతిలో ఆ ఏడాది లేదు.

ఆ స్మృతిలోని వ్యక్తిగత దివాలా భాగం 2019 డిసెంబర్ 1 నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్న వ్యక్తులకు మాత్రమే అమల్లోకి వచ్చింది. మామూలు వ్యక్తికి ఇప్పటికీ 1920 చట్టమే. అందులోని 56వ సెక్షన్‌లో ఒక షరతు ఉంది: దివాలాదారుడికి తక్షణం ఖాళీ చేయించే హక్కు లేని వ్యక్తిని స్వాధీనంలోంచి తొలగించే అధికారం ఆ సెక్షన్ కోర్టుకు ఇవ్వదు. కౌలుదారులు, అద్దెదారులు వంటివారికి పనికివచ్చే షరతు ఇది. అయితే 2005 నాటి గృహహింస చట్టం 17వ సెక్షన్, కలిసి కాపురమున్న ఇంట్లోంచి బాధిత స్త్రీని చట్టప్రకారం తప్ప వెళ్లగొట్టకూడదంటోంది. భర్తకే లేని అధికారం అతని స్థానంలోకి వచ్చిన రిసీవర్‌కు ఎక్కడిదన్న వాదన ఈ రెంటినీ కలిపి చదివితే నిలబడుతుందని నా అభిప్రాయం. వేలంలో కొన్నవారి హక్కును అది ఎంతవరకు ఆపుతుందన్నది వేరే ప్రశ్న. అయినా వేలానికి ముందే ఆ వాదన కోర్టు ముందుకు రావాలి. రిసీవర్ చర్య వల్ల నష్టపోయిన దివాలాదారుడు, అప్పిచ్చినవారు, ‘మరే ఇతర వ్యక్తి’ అయినా ఆ చర్య జరిగిన 21 రోజుల్లోగా కోర్టుకు చెప్పుకోవచ్చని 1920 చట్టం 68వ సెక్షన్ అంటోంది. భార్యకు ఆ చట్టంలో వేరే పేరు లేదు. ఆ మూడు మాటల కింద, ఆ 21 రోజుల్లోనే ఆమె అర్జీ పెట్టుకోవాలి.