ఫ్రాన్స్ పల్లెల్లో కోట బస: అపోహలు - వాస్తవాలు

"మేడమ్, మన ఫలక్‌నుమాలాగే ఉంటుందా?"

ఫ్రాన్స్‌లో కోటలో రెండు రాత్రులు ఉండాలని ఫోన్ చేసేవాళ్ళు ముందుగా అడిగేది ఇదే. హైదరాబాద్‌లో ఉండి మనవాళ్ళకి యూరప్ ప్రయాణాలు కుదిర్చిపెట్టడం నా వృత్తి. అందులో నాకు బాగా ఇష్టమైన పని, అక్కడి పల్లెల్లో కుటుంబాలు సొంతంగా నడుపుకునే పాత కోటల్లో గదులు చూసిపెట్టడం. ఫలక్‌నుమా 2010 నుంచి తాజ్ సంస్థ నడుపుతున్న హోటల్. అక్కడి మర్యాద ఒక పెద్ద సంస్థ చేసే మర్యాద. ఈ ఫ్రెంచ్ కోటల్లో గేటు తీసేది ఇంటావిడ, పెట్టె పట్టుకుని మెట్లెక్కేది వాళ్ళబ్బాయి, పొద్దున కాఫీ పోసేది ఇంటాయన. మీరు డబ్బు కడతారు, నిజమే. కానీ వెళ్ళేది ఒకళ్ళింటికి. ఇది ముందే తెలియక వెళ్ళినవాళ్ళు మొదటి గంటలోనే చిన్నబుచ్చుకుంటారు. తెలిసి వెళ్ళినవాళ్ళు మొత్తం ట్రిప్పులో ఆ రెండు రాత్రుల గురించే చెప్పుకుంటారు.

అపోహ: కోట అంటే కందకం, బురుజులు, వెయ్యేళ్ళ చరిత్ర.

వాస్తవం: ఫ్రెంచ్‌లో "షాతో" అన్న మాట చాలా విశాలమైంది. యుద్ధాలకి కట్టిన కోటని "షాతో ఫోర్" అని విడిగా అంటారు. ల్వార్ నది లోయలో మనం ఫొటోల్లో చూసేవి ఎక్కువగా 15, 16 శతాబ్దాల్లో రాజులు, వాళ్ళ కొలువులోని పెద్దలు సుఖంగా ఉండటానికి కట్టుకున్న భవనాలు. 19వ శతాబ్దంలో కొత్తగా డబ్బు చేసినవాళ్ళు పాతకాలం తరహా బురుజులు పెట్టి కట్టించుకున్నవీ చాలా ఉన్నాయి. బోర్దో వైపు వెళ్తే ద్రాక్షతోట మధ్యలో ఉన్న మామూలు రెండంతస్తుల ఇల్లు కూడా షాతోయే. తెలంగాణలో గడీ అన్న మాట ఎలాగో ఇదీ అలాగే: కొన్ని కోటలాగే ఉంటాయి, కొన్ని పెద్ద లోగిళ్ళు, అంతే. అందుకని పేరు చూసి కాదు, ఫొటోలు చూసి బుక్ చేయండి.

అపోహ: కోటే ఉందంటే వాళ్ళు కోటీశ్వరులే అయుంటారు. మన దగ్గర డబ్బులెందుకు?

వాస్తవం: ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఫ్రాన్స్‌లో 1804 నాటి సివిల్ కోడ్ నుంచి ఆస్తి పిల్లలకి దక్కాలన్నది గట్టి నియమం. ముగ్గురు పిల్లలుంటే ఆస్తిలో నాలుగింట మూడు వంతులు వాళ్ళకే వెళ్ళాలి, తండ్రి తన ఇష్టానికి ఒకరికే మొత్తం రాసివ్వలేడు. కోటని నిలబెట్టుకోవాలనుకున్న ఒక్కరు మిగతా తోబుట్టువుల వాటాలకి డబ్బు సర్దాలి. ఆ పైన కప్పు ఖర్చు. చారిత్రక కట్టడంగా గుర్తింపు ఉంటే, 1913 చట్టం వేసిన బాటలో, అనుమతి లేకుండా కిటికీ చెక్క కూడా మార్చడానికి లేదు. ప్రభుత్వం కొంత సాయం చేస్తుంది కానీ భారం మాత్రం ఇంటివాళ్ళదే.

తూర్ నగరానికి దగ్గర్లో ఒక ఇంటాయన నన్ను అటక మీదకి తీసుకెళ్ళాడు. కలప దూలాల మధ్య నాలుగు ఇనప బక్కెట్లు వరసగా పెట్టి ఉన్నాయి, ఒకదాంట్లో బెత్తెడు వాన నీళ్ళు. కప్పుకి వేయడానికి కింద పేర్చి ఉన్న పలకరాళ్ళలోంచి ఒకటి తీసి వేలి కణుపుతో కొట్టి నా చెవి దగ్గర పెట్టాడు. ఖంగుమంది. ఇంకోటి కొట్టాడు, మొద్దుగా మోగింది. "ఇది పగిలింది, కంటికి కనపడదు" అన్నాడు. మనం సంతలో కుండ కొనేటప్పుడు చేసే పరీక్షే అది. కప్పు మొత్తం ఒకేసారి వేయించే స్తోమత లేదు, ఒక్కో ఏడు ఒక్కో పక్క బాగు చేయించుకుంటూ వస్తున్నారు. గదుల అద్దె అంతా అక్కడికే పోతుంది.

ఇది కొత్త కథ కాదు. విలాంద్రీ కోటని 1906లో కొని దాని తోటలకి మళ్ళీ ప్రాణం పోసిన జోయాకిం కార్వాల్యో, ఇలాంటి యజమానులందరినీ కలిపి 1924లోనే ఒక సంఘం పెట్టాడు. షెవెర్నీ కోట యజమానులు 1922 నుంచే జనానికి తలుపులు తెరిచారు, ఆ వంశంవాళ్ళు ఇప్పటికీ అందులోనే ఉంటున్నారు. ఇవి టికెట్ కొని చూడాల్సినవి. మీరు పడుకునేవి ఇంత పేరు లేని చిన్న కోటలు.

అపోహ: ఎన్ని స్టార్లో చూసుకుంటే చాలు.

వాస్తవం: వీటిలో చాలా వాటికి స్టార్లే ఉండవు. "షాంబ్ర్ దోత్" అని ఒక పద్ధతి ఉంది. ఇంటివాళ్ళు ఉంటున్న ఇంట్లోనే గరిష్ఠంగా 5 గదులు, ఒకేసారి 15 మంది అతిథులు. దుప్పట్లు, తువాళ్ళు, పొద్దున టిఫిన్ అద్దెలోనే కలిసి ఉండాలి. 1 నుంచి 5 స్టార్లు హోటళ్ళకి. రిసెప్షన్, రాత్రి డ్యూటీ మనిషి, రూమ్ సర్వీస్ కావాలంటే హోటల్‌గా నమోదైన కోటే చూసుకోండి. బుక్ చేసే ముందు రెండింట్లో ఏదో అడగండి.

అపోహ: డబ్బు కట్టాం కదా, ఎప్పుడైనా చెక్-ఇన్ చేయొచ్చు.

వాస్తవం: ఈ పొరపాటు నాదే. మొదట్లో ఒక కుటుంబాన్ని పంపినప్పుడు వాళ్ళు ఎన్నింటికి చేరతారో ఇంటివాళ్ళకి రాయలేదు. దారిలో ఆలస్యమై రాత్రి 11 దాటాక చేరారు. గేటు వేసి ఉంది, ఊళ్ళో దీపాల్లేవు, వెనక సీట్లో పిల్లలు ఆకలితో ఏడుపు. ఇంటావిడ సాయంత్రం 5 నుంచి 10 దాకా ఎదురుచూసి పడుకుందట. నేను ఇక్కడ తెల్లవార్లూ టెన్షన్‌తో ఫోన్లు చేస్తూనే ఉన్నాను. చివరికి ఆవిడే లేచి తలుపు తీసి, బ్రెడ్డు, సూపు వేడిచేసి పెట్టింది. అప్పటినుంచి చేరే టైమ్ రాయకుండా నేను ఎవర్నీ పంపలేదు. ఆలస్యమైతే దారిలోంచే ఫోన్ చేయాలి. తిండి సంగతీ చూసుకోవాలి. పల్లె రెస్టరెంట్లు మధ్యాహ్నం 2 దాటితే మూసేసి మళ్ళీ 7 తర్వాతే తీస్తాయి, ఆదివారం రాత్రి, సోమవారం చాలా చోట్ల తీయనే తీయవు.

అపోహ: వెజిటేరియన్ అని చెబితే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. రాత్రి భోజనం పెట్టే ఇళ్ళలో అందరికీ ఒకటే వంట, చాలాసార్లు ఇంటివాళ్ళతో ఒకే బల్ల మీద. ముందు రోజే చెప్పాలి. చేప తింటారేమో అనుకునేవాళ్ళు ఉన్నారు. కూరగాయల సూపులో కోడి ఎముకలు కాచిన నీళ్ళు పడొచ్చు. కాంతే లాంటి చీజ్‌కి పాలు విరగడానికి దూడ పొట్టలోంచి తీసినది వాడతారు, పట్టింపు ఉన్నవాళ్ళు అదీ అడగాలి. మాంసం, చేప, గుడ్డు, వాటిని కాచిన నీళ్ళు వద్దని ఒక్కొక్కటీ ఫ్రెంచ్‌లో రాసి పంపండి. వాళ్ళు ఎంత శ్రద్ధగా వండుతారో నేను చూశాను.

రైస్ కుక్కర్ మాత్రం గదిలో దయచేసి పెట్టకండి. పాత వైరింగ్, నేల చెక్క, పైకప్పు చెక్క. ఫ్యూజు పోతే పోయింది, నిప్పంటుకుంటే వాళ్ళు తరతరాలుగా కాపాడుకున్నది పోతుంది.

అపోహ: పెద్దవాళ్ళని తీసుకెళ్ళలేం.

వాస్తవం: తీసుకెళ్ళొచ్చు, గది చూసి ఎంచుకుంటే. లిఫ్ట్ దాదాపు ఉండదు. బురుజులోని రాతి మెట్లు గుండ్రంగా తిరుగుతాయి, వందల ఏళ్ళ అడుగులకి మధ్యలో గిన్నెలా అరిగి ఉంటాయి. గోడ వైపు మెట్టు వెడల్పుగా ఉంటుంది, అటే అడుగు వేయాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి పాత గుర్రపుశాలని బాగుచేసి తీర్చిన కింది గదులు అడుగుతాను, చాలా చోట్ల దొరుకుతాయి. ఏసీ లేదని కంగారొద్దు. గోడలు అంత మందం. ఎండ ఎక్కకముందే కిటికీ రెక్కలు మూసి, రాత్రి తెరిస్తే మామూలు వేసవిలో చల్లగానే ఉంటుంది.

అపోహ: పారిస్ నుంచి రైలెక్కితే కోట దగ్గర దిగొచ్చు.

వాస్తవం: పారిస్ మోంపర్నాస్ నుంచి తూర్ పక్కనున్న సేంపియేర్ దే కోర్ స్టేషన్‌కి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో సుమారు గంట. అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. పల్లెకి బస్సు రోజుకి ఒకటో రెండో, ఆదివారం అదీ అనుమానమే. కారు తీసుకోవడమే మేలు. బయల్దేరే ముందే ఇక్కడ ఆర్టీఏలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. అక్కడ కుడివైపు నడపాలి. ఊళ్ళలో బోర్డు లేని కూడలి వస్తే కుడి పక్కనుంచి వచ్చే బండికే దారివ్వాలి, అది చిన్న సందైనా సరే. మనవాళ్ళు తడబడేది ఇక్కడే.

అపోహ: దయ్యాలుంటాయి.

వాస్తవం: బ్రిసాక్ కోటలో ఆకుపచ్చ గౌను వేసుకున్న ఆవిడ దయ్యమై తిరుగుతుందని కథ ఉంది. 1502 నుంచి ఆ కోట ఒకే వంశం చేతిలో ఉంది. రాత్రి మీకు వినపడేది చలికి సర్దుకునే చెక్క నేల చప్పుడు.

అపోహ: ఎప్పుడైనా వెళ్ళొచ్చు.

వాస్తవం: సంక్రాంతి సెలవులకి అడుగుతారు. రాతి కోటని చలికాలంలో వెచ్చగా ఉంచడం చాలా ఖర్చు, అందుకే నవంబర్ నుంచి ఈస్టర్ దాకా చాలామంది మూసేస్తారు. మే, జూన్ బాగుంటాయి. సెప్టెంబర్ మూడో వారాంతంలో దేశమంతా వారసత్వ దినాలు జరుపుతారు, మామూలుగా తెరవని కోటలు కూడా ఆ రెండు రోజులు తెరుస్తారు. ఆ పక్కనే ద్రాక్ష కోతలు, మన దసరా సెలవులు. ఆ రోజులకి వెళ్ళాలనుకుంటే ఏడాది మొదట్లోనే రాయండి, ఒక్కో ఇంట్లో ఉండేది మహా అయితే అయిదు గదులే.